మూడు రాష్ట్రాల అంచున ఒకే నేల

మహారాష్ట్ర వాళ్లకు మరాఠ్వాడా, కర్ణాటక వాళ్లకు కల్యాణ కర్ణాటక, మనకు పాలమూరు. ఏ రాజధానిలో ఏ పేపరు తిరగేసినా ఈ పేర్ల ముందు ఒకటే మాట అతుక్కుని ఉంటుంది: వెనుకబడిన. ముంబయికి బీడ్ ఎట్లాంటిదో బెంగళూరుకు యాద్గిర్ అట్లాంటిది, హైదరాబాద్‌కు నారాయణపేట అట్లాంటిది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఏదో ఒక బోర్డు వేసింది, ఏదో ఒక ప్యాకేజీ ప్రకటించింది. కొన్ని ప్రాంతాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే రాజ్యాంగంలోని 371వ అధికరణం కింద మరాఠ్వాడాకు 1956లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1973లో, కల్యాణ కర్ణాటక అనే గుల్బర్గా వైపు జిల్లాలకు 2012లో విడివిడిగా సవరణలు చేయించుకున్నారు. రోగి ఒకడే, కేసు షీట్లు మూడు.

మ్యాపులో రాష్ట్రాల గీతలు చెరిపేసి చూడండి. ఈ జిల్లాలన్నీ ఒకే దక్కన్ పీఠభూమి మీద ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. 1956 నవంబర్ 1 దాకా ఇవన్నీ హైదరాబాద్ రాష్ట్రమే, 2 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల. ఆ రోజు ఔరంగాబాద్, పర్భనీ, నాందేడ్, బీడ్, ఉస్మానాబాద్ బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. బీదర్, గుల్బర్గా, రాయచూరు మైసూరులోకి పోయాయి. తెలుగు జిల్లాలు ఆంధ్రలో కలిశాయి. కలిసిన మూడు చోట్లా వీళ్లది చివరి వరుసే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. దక్కన్ పేదరికానికి వాన తక్కువ కావడం సగం కారణం కూడా కాదు. వాన తక్కువని తెలిసి తెలిసీ, కాలువ కింద నడిచే సేద్యాన్నే ఇక్కడ ఆదర్శంగా నిలబెట్టాం. ఆ ఒక్క తప్పును మూడు ప్రభుత్వాలు మూడు భాషల్లో చేశాయి. పక్కవాడు ఎక్కడ దెబ్బతిన్నాడో చూసి నేర్చుకునే వీలు కూడా లేకుండా, ఎవరికి వాళ్లు విడిపోయి చేశాయి.

నేల దగ్గర మొదలుపెట్టాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టి, పడమటి దక్కన్‌ను కప్పేసింది. ఆ బసాల్టు రాయి ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. అది అరిగి అరిగి నల్లరేగడి అయింది. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వైపు వస్తుంటే ఈ లావా పొర అయిపోయి, దాని అడుగునున్న గ్రానైటు పైకి తేలుతుంది. హైదరాబాద్ గుట్టల్లో బండ మీద బండ పేర్చినట్టు కనిపించే ఆ రాయి వయసు 250 కోట్ల ఏళ్ల చిల్లర.

రాయి మారితే బతుకు మారుతుంది. గ్రానైటు మీది ఎర్రనేల నీటిని పట్టి ఉంచదు. కానీ రెండు గుట్టల నడుమ కట్ట పోస్తే చెరువు నిలుస్తుంది. కాకతీయులు చేసింది అదే. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఇప్పటికీ పారుతున్నాయి. నల్లరేగడి కథ వేరు. అక్కడ నేలే చెరువు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. తొలకరి పడితే ఆ నెర్రెలగుండా నీళ్లు లోపలికంటా దిగుతాయి, మట్టి ఉబ్బి నోరు మూసుకుంటుంది. ఇక వానాకాలమంతా ఆ భూమిలో కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. అందుకే అక్కడి రైతు వానాకాలం వాన కురిపించుకుని ఊరుకుంటాడు. వానలు వెనుకబట్టాక, సెప్టెంబర్ చివరో అక్టోబర్‌లోనో జొన్న విత్తుతాడు. పైనుంచి చుక్క పడకపోయినా, లోపల దాచుకున్న పదునుతోనూ చలికాలపు మంచుతోనూ ఆ పంట పండుతుంది. మాగి జొన్న అంటే అదే. షోలాపూర్ జిల్లా మోహోళ్‌లో ఎంపిక చేసిన మాల్‌దండి రకం దాదాపు వందేళ్లు కావస్తున్నా ఇంకా పొలాల్లో నిలబడే ఉందంటే, ఈ నేలకు అది ఎంత సరిపోయిందో అర్థం చేసుకోవచ్చు. గింజ మనిషికి, చొప్ప పశువుకు. చొప్ప ధర బాగున్న ఏడు గింజకన్నా చొప్ప కోసమే జొన్న వేసేవాళ్లూ ఉన్నారు.

ఈ నేలకు ఇంకో తిరకాసు ఉంది. మేఘాలు అరేబియా సముద్రం నుంచి వచ్చి పడమటి కనుమలకు కొట్టుకుంటాయి. మహాబలేశ్వరంలో ఏటా 5 వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కడినుంచి తూర్పుకు వంద కిలోమీటర్లు కూడా రాకముందే, సతారా జిల్లాలోనే ఉన్న మాణ్ తాలూకాలో 500 దాటితే మంచి ఏడు. కృష్ణ, భీమ, గోదావరి పుట్టేది ఆ తడి కనుమల్లో, నడిచేది ఈ ఎండు పీఠభూమి మీద. అంటే వానకు మొహం వాచిన జిల్లాల పక్కనుంచే దక్షిణాదిలోకెల్లా పెద్ద నదులు రెండు పోతుంటాయి. కళ్లముందు పారే నీళ్లు చేతికందకపోతే మనిషికి వచ్చే ఆశ వేరు, కోపం వేరు. దక్కన్ రాజకీయాలన్నీ ఆ రెంటి మీదే నడుస్తాయి.

జొన్న రొట్టె మాట చెప్పకుండా ముందుకు పోలేను. జొన్నపిండిలో సాగే గుణం లేదు, చపాతీకి లాగా కర్రతో ఒత్తితే చీలుతుంది. మసిలే నీళ్లు పోసి పిండి కలిపి, అరచేత్తో బాగా మెదిపి, పొడిపిండి చల్లిన పీట మీద తడుతూ తిప్పుతూ వెడల్పు చెయ్యాలి. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లు రాయాలి, లేకుంటే ఎండి పగులుతుంది. ఆ తట్టే చప్పుడు తాండూరులో వినండి, లాతూరులో వినండి, విజయపురలో వినండి, తేడా తెలిస్తే ఒట్టు. పక్కన పల్లికారం, పచ్చి ఉల్లిగడ్డ. మరాఠీలో భాకరి అంటారు, కన్నడంలో రొట్టి అంటారు, పళ్లెం మాత్రం మారదు.

ఈ పోలిక తిండితో ఆగదు. ఇంటి ముందు పరిచే షాబాద్ బండ కర్ణాటకది, తాండూరు బండ తెలంగాణది. భూమి లోపల రెండూ ఒకే సున్నపురాతి పరుపు. గుల్బర్గా కందిపప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, తాండూరు కందికి 2022లో. మధ్యలో ఉన్నది రాష్ట్ర సరిహద్దు ఒక్కటే. ఇద్దరు రైతులూ ఒకే వానకు విత్తుతారు, ఒకే పచ్చపురుగుకు మందు కొడతారు. విదేశీ కంది ఓడ దిగిందంటే ఇద్దరి ధరా ఒకే రోజు పడిపోతుంది.

మల్లన్న దగ్గరికి వస్తే ఇది ఇంకా తేటపడుతుంది. కొమురవెల్లి మల్లన్నకు ఇద్దరు భార్యలు: బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఒకరు వ్యాపారం చేసే కులం ఆడబిడ్డ, ఒకరు గొర్లు కాసే కులం ఆడబిడ్డ. మహారాష్ట్రలో జెజురి ఖండోబాకూ ఇద్దరే: లింగాయతు వర్తకుల ఇంటి మ్హాల్సా, ధన్‌గర్ కాపరుల ఇంటి బాణాయి. కర్ణాటక మైలారలింగడిదీ ఇదే కుటుంబం. కొమురవెల్లిలో పసుపు బండారి నుదుటికి, జెజురిలో అదే పసుపు గుళ్లూ మెట్లూ కనబడకుండా దోసిళ్లతో ఎగరేస్తారు. ఇక్కడ కురుమలు ఒగ్గు కొట్టి కథ చెబుతారు, పట్నం వేస్తారు; అక్కడ ఖండోబాకు అంకితమైన వాఘ్యా మురళీలు రాత్రంతా జాగరణ చేస్తారు; మైలారంలో ఆ దేవుడి భక్తులు గొరవయ్యలు కంబళి కప్పుకుని డమరుకం పడతారు. గొర్ల మందను తోలుకుని కృష్ణా గోదావరుల మధ్య తిరిగిన మనుషులు తమ దేవుణ్ణి వెంట తిప్పారు. ఆ దారుల్లో చెక్‌పోస్టులు లేవు.

రాజుల చరిత్ర చాలామంది రాశారు, నేను తొందరగా దాటేస్తాను. గోదావరి ఒడ్డున పైఠణ్ శాతవాహనుల రాజధాని. వాళ్ల నాణేలే కరీంనగర్ వైపు కోటిలింగాలలో దొరికాయి. 1347లో బహమనీ రాజ్యం మొదలైంది, గుల్బర్గా రాజధాని, తర్వాత బీదర్. అది అయిదు ముక్కలైంది. 1565లో ఆ ముక్కల్లో నాలుగు చేయి కలిపి విజయనగరాన్ని కూల్చాయి. ఆ ముక్కల్లో ఒకటైన గోల్కొండలోనే ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను పోషించాడు. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అహమ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి, మొఘలులను ఏళ్ల తరబడి నిలవరించాడు. తర్వాత ఔరంగాబాద్ అయిన ఊరికి నేలలోపలి కాలువలతో నీళ్లు తెచ్చింది ఆయనే. ఔరంగజేబు 1681లో దక్షిణానికి దిగి, 1707లో అహమ్మద్‌నగర్ దగ్గరే కన్ను మూశాడు. దక్కన్‌ను పట్టుకున్నవాడు కన్నా దక్కన్ పట్టుకున్నవాళ్లే ఎక్కువేమో.

రాజుల తర్వాత కూలీల చరిత్ర ఉంది. నాకు అదే ముఖ్యం. మా మేనమామ షోలాపూర్‌లో మరమగ్గాల మీద పనిచేశాడు. 1870లలో అక్కడ తొలి నూలు మిల్లు వచ్చిన దగ్గర్నుంచి కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పద్మశాలీలు అటు పోతూనే ఉన్నారు. పూర్వ్ భాగ్ అని పిలిచే ఊరి తూర్పు పక్కకు పోతే ఇప్పటికీ తెలుగే వినపడుతుంది. శ్రావణ పున్నమికి మార్కండేయ రథం కదిలితే ఊరంతా ఆగుతుంది. మామ ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, సేటు దగ్గర దఖ్ఖనీ మాట్లాడేవాడు. అత్త బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, ఆకు కొలతకు ఒక రేకు ముక్క, వేలికి దారం. కూలి వెయ్యి బీడీలకు ఇంతని. నిజామాబాద్‌లో, సిరిసిల్లలో ఉన్న మా బంధువుల ఇళ్లలోనూ అదే చాట, అదే రేకు, అదే వెయ్యి లెక్క. షోలాపూర్ నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం తెలుగువాడే. బీడీ, అసంఘటిత కార్మికుల కోసం ఆయన వెంటపడి సాధించిన రాయ్‌నగర్ కాలనీలో 2024 జనవరిలో 15 వేల ఇళ్ల తాళాలు ఇచ్చారు. ఆ సంగతి మన పేపర్లలో ఎంతమంది చదివారో నాకు అనుమానమే.

ఇప్పుడు నీళ్లు. 1972 కరువు మరాఠ్వాడాను పీల్చి పిప్పి చేసింది. ఆ కరువులోంచి రెండు పుట్టాయి. ఒకటి మంచిది: ఉపాధి హామీ. మహారాష్ట్ర నాయకుడు వి.ఎస్. పాగే ఆలోచనతో సాంగ్లీ వైపు చిన్నగా మొదలై, ఆ కరువులో లక్షలమందికి పనిచూపి, 1977లో మహారాష్ట్ర చట్టమైంది. 2005లో దేశానికంతా చట్టమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కరువు జిల్లాలో పుట్టిన చట్టం ఇంకో కరువు జిల్లాకు చేరింది. దక్కన్ ఈ దేశానికి ఇచ్చిన వాటిలో దీన్ని మించింది నాకు కనబడదు.

రెండోది చెరకు. కరువు తీరాక డ్యాములు వచ్చాయి. గోదావరి మీద జాయక్‌వాడీ, భీమ మీద ఉజని. కరువు జిల్లాలకని కట్టిన ఆ నీళ్ల చుట్టూ సహకార చక్కెర మిల్లులు వెలిశాయి. మిల్లు పెట్టినవాడే ఎమ్మెల్యే, ఎమ్మెల్యే అయినవాడికే మిల్లు. సాగుభూమిలో చిన్న వాటా ఉన్న చెరకు, మహారాష్ట్ర సాగునీటిలో సగానికి పైగా తాగేస్తుంది. 2016 ఏప్రిల్‌లో లాతూరుకు మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగునీళ్లు పంపాల్సి వచ్చింది. ఆ లాతూరు చుట్టుపక్కల చెరకు మిల్లులున్నాయి. లాతూరుకు నీళ్లిచ్చే మంజీరా నదే కింద మన సింగూరుకు నీళ్లిస్తుంది. ఆ ఎండాకాలం సింగూరూ అడుగంటింది. రైలు ఫొటోలు చూసి అయ్యో పాపం అనుకున్న హైదరాబాద్ వాళ్లలో, అది తాము తాగే నదేనని ఎంతమందికి తట్టింది?

చెరకు కొట్టేది మళ్లీ బీడ్ వాళ్లే. దసరా దాటాక మొగుడూ పెళ్లాం పిల్లలతో సహా ట్రాక్టరెక్కి పడమటి జిల్లాలకు పోతారు. జంటను కలిపి ఒక్క కోయ్‌తాగా లెక్కగడతారు, అంటే ఒక కొడవలి. కూలీలను కుదిర్చే ముకద్దం ముందుగా బయానా ఇస్తాడు, అది తీరేదాకా పని చెయ్యాలి. కడుపు నొప్పికి, నెలసరికి పని చెడకూడదని ఆడవాళ్లు గర్భసంచి తీయించుకున్న కేసులు 2019లో బయటపడితే ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఇప్పుడు పాలమూరుకు రండి. ముకద్దం బదులు గుంపు మేస్త్రీ, బయానా అదే, పని మాత్రం చెరకు కాదు, మట్టిపని. దేశంలో ఎక్కడెక్కడో డ్యాములు కట్టిన చేతులు పాలమూరు లేబరువి. వాళ్ల ఊళ్లో కృష్ణ పక్కనుంచే పోయేది. బీడ్ మీద మరాఠీలో, పాలమూరు మీద తెలుగులో ఎంతో రాశారు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ.

వరి కథా ఇంతే. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా రైతులు బోధన్ వైపు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. తుంగభద్ర డ్యాము అయ్యాక రాయచూరు వైపు సింధనూరులో, గంగావతిలో మళ్లీ అవే క్యాంపులు. కష్టపడ్డారు, సోనా మసూరి పండించారు, కాదనను. చుట్టుపక్కల జొన్న రైతు వాళ్లను చూశాడు. సేద్యమంటే తడి, మడి, నాటు, బస్తా అని మనసులో పడిపోయింది. కాలువ రాని చోట బోరు వేశాడు. గ్రానైటు కింద నీళ్లు ఉండేది పగుళ్లలో మాత్రమే, అది ఎప్పుడు ఒట్టిపోతుందో బోరు వేసినవాడికే తెలియదు. అప్పుల్లో మునిగి ఉరేసుకున్న తెలంగాణ రైతుల ఇళ్లకు పోతే, ఎండిన బోర్ల లెక్క ముందు చెబుతారు.

నువ్వేంటి, పాలమూరుకు ప్రాజెక్టులు వద్దంటున్నావా అని అడుగుతారు. అనడం లేదు. తాగునీరు, ఒక్క ఆరుతడి పంటకు నీరు ఈ జిల్లాలకు హక్కు. కృష్ణలో 2060 టీఎంసీలని లెక్కగట్టి నదీజలాల వాటాలు తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. పంచింది రాష్ట్రాలకు, కరువు ప్రాంతాలకు కాదు. మహారాష్ట్ర తన వాటాలోంచి కృష్ణ ఉపనది కోయనా నీళ్లను కనుమల పడమటికి తిప్పి, కరెంటు తీసుకుని కొంకణం మీదుగా అరేబియా సముద్రంలోకి వదులుతుంది. భీమ ఎగువన ముల్షీ లాంటి టాటా డ్యాములదీ అదే దారి. ముల్షీ రైతులు 1921లోనే సేనాపతి బాపట్ వెంట సత్యాగ్రహం చేశారు. ధారాళంగా వాన పడే తీరానికి, ఎండిన పీఠభూమి నీళ్లు పంపుతోంది! షోలాపూర్, గుల్బర్గా, నారాయణపేట ఒక్క గొంతుతో అడిగితే ఈ ప్రశ్నకు బలముండేది. అడగరు, ఎందుకంటే ట్రైబ్యునల్ ముందు వాళ్లు ప్రత్యర్థులు. మన లాయరు వాదించేదంతా పైవాడు ఎక్కువ తాగుతున్నాడనే. పైవాడిలో ఎవరు తాగుతున్నారు, ఎవరు ఎండుతున్నారు అన్నది ఆ కోర్టులో ప్రశ్నే కాదు.

ఇంకో మాట కూడా వస్తుంది: నిజాం రోజులు మళ్లీ కావాలా? అక్కర్లేదు. వెట్టి చేసినవాళ్ల మనవలం మేము. జాగీర్లు, దేశ్‌ముఖ్‌ల గడీలు, 1946 నుంచి 51 దాకా సాగిన సాయుధ పోరాటం ఎందుకొచ్చిందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భాషా రాష్ట్రాలు రావడమూ న్యాయమే. ఉర్దూ రాని రైతు బిడ్డ తన భాషలో బడికి పోగలిగాడు, కోర్టు కాగితం చదువుకోగలిగాడు. దాన్ని వెనక్కి తిప్పమని ఏ మతి ఉన్నవాడూ అనడు. నేను అడిగేది రాష్ట్రం కాదు. మూడు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు ఈ ఇరవై ముప్ఫై జిల్లాలకు కలిసి ఒక పంట విధానం రాసుకోవాలని, భీమ, మంజీరా నీటి లెక్కలు కలిసి కూర్చుని చూసుకోవాలని. గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ గొడవ 2013లో సుప్రీంకోర్టు దాకా పోయి, జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు తెరిచి ఉంచాలని తీర్పు వచ్చింది. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద కోర్టు కావాల్సి వచ్చింది చూడండి.

పంట విధానమంటే ముందు జొన్న. 2024-25లో మామూలు వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, మాల్‌దండి జొన్నకు 3,421. కాగితం మీద జొన్నే పైన ఉంది. తెలంగాణ 2020-21లో కోటి టన్నులకు పైగా ధాన్యం కొన్నది, ఊరూరా కేంద్రం పెట్టి, కాంటా వేసి. జొన్నకు ఊరూరా కేంద్రాలు లేవు. వచ్చే ఏడు రైతు ఏం వేస్తాడో ఊహించడానికి శాస్త్రవేత్తలు అవసరం లేదు. కొన్న జొన్న ఏం చేసుకోవాలని అధికారులు అంటారు. రేషన్‌లో ఇవ్వొచ్చు. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తర జిల్లాల్లో జొన్నలు రేషన్‌లో కలిపి ఇచ్చే పద్ధతి పెట్టింది. జహీరాబాద్ నుంచి బీదర్ ముప్ఫై కిలోమీటర్ల చిల్లర. మన పౌరసరఫరాల అధికారి ఒకరు ఉదయం బస్సెక్కి, బీదర్‌లో ఆ బస్తాలు ఎట్లా కొన్నారో, ఎట్లా నిల్వపెట్టారో, ఏ నెలలో పురుగు పట్టిందో అడిగి రాసుకుని, సాయంత్రానికి తిరిగి రావొచ్చు.